బూజుపట్టిన మేత

మానవ శరీరమున రక్తము రాత్రింబగళ్లు విశ్రాంతి యెరుగక ప్రవహించుచుండును. పెరిగిన మనుష్యుని దేహములో సుమారు 5 లీటర్ల రక్తము కలదు. గుండె ఆ రక్తమునంతయు ఇంచుమించు నిమిషమునకు ఒకమారు శరీరమంతటను త్రిప్పుచుండును. ఈ ప్రవాహము ఆగినచో ప్రాణము నిలువదు. అయినను కత్తిపీట తగిలి వ్రేలు తెగినప్పుడు, ఆటలలో పడి మోకాలు చిట్లినప్పుడు, ఆ రక్తమే కొన్ని నిమిషములలో తనంతట తాను గడ్డకట్టి గాయమును మూసివేయును. నాళములలో ఉన్నంతవరకు నీటివలె పారవలెను. నాళము తెగినచోట పెరుగువలె పేరుకొనవలెను. ఈ రెండు గుణములును ఒకే ద్రవమునందు ఇమిడియుండుట ప్రకృతిలోని గొప్ప వింతలలో ఒకటి.

ఈ రెంటిలో ఏది తప్పినను ప్రాణాపాయమే. గడ్డకట్టవలసిన చోట రక్తము గడ్డకట్టనిచో చిన్న గాయమే మరణమునకు దారితీయును. గడ్డకట్టరాని చోట గడ్డకట్టినచో అది గుండెకు పోవు నాళమును మూసి గుండెపోటును, మెదడునకు పోవు నాళమును మూసి పక్షవాతమును కలిగించును. త్రాసులోని రెండు తట్టలవలె ఈ రెండు శక్తులును సమముగా నిలిచినప్పుడే ఆరోగ్యము. ఆ త్రాసును మనుష్యుడు తన చేతితో సరిదిద్దుట ఎట్లు నేర్చుకొనెను? ఆ విద్య మొదట ఏ పెద్ద వైద్యశాలలోను పుట్టలేదు. అది ఉత్తర అమెరికా ఖండములోని పశువులపాకలలో, బూజుపట్టిన మేత మూలమున పుట్టినది.

ఆ వృత్తాంతము బోధపడవలెనన్న రక్తము గడ్డకట్టు విధమును ముందుగా తెలిసికొనవలెను. చెరువుకట్టకు గండిపడినప్పుడు గ్రామస్థులు తొలుత చేతికి దొరికిన కంపయు మట్టియు వేసి నీటిని నిలుపుదురు. పిమ్మట గట్టి కట్టను పోయుదురు. శరీరము చేయు పనియు ఇట్టిదే. రక్తనాళము తెగగానే రక్తఫలకికలు అనెడి మిక్కిలి చిన్న కణములు అచ్చటికి చేరి, ఒకదానికొకటి అంటుకొని, గండిని అప్పటికి పూడ్చును. తరువాత స్థిరమైన కట్ట ఏర్పడును. రక్తద్రవములో ప్రోథ్రాంబిన్ అను ప్రోటీను కరిగియుండును. గాయము తగిలిన వెంటనే వరుసగా కొన్ని మార్పులు జరిగి ఈ ప్రోథ్రాంబిన్ నుండి థ్రాంబిన్ అను ఎంజైము పుట్టును.

ఎంజైములనగా జీవకణములు తయారుచేయు ప్రోటీనులు. అవి తాము వ్యయము కాకయే ఇతర పదార్థములలో మార్పులను వేగముగా కలిగించును. అన్నమును చాలసేపు నమిలినచో తియ్యగా తోచును. లాలాజలములోని ఎంజైము అన్నమునందలి పిండిపదార్థమును చక్కెరగా మార్చుటయే అందులకు కారణము. అట్లే థ్రాంబిన్ రక్తములో కరిగియున్న ఫైబ్రినోజన్ అను ప్రోటీనును ఫైబ్రిన్ అను సన్నని పోగులుగా మార్చును. ఆ పోగులు చేపలవలవలె అల్లుకొనగా, రక్తకణములు అందు చిక్కుకొని గడ్డ ఏర్పడును. లోపలి గాయము మానిన పిమ్మట ఆ గడ్డతో పని లేదు. అప్పుడు ప్లాస్మిన్ అను వేరొక ఎంజైము ఆ పోగులను ముక్కలు చేసి కరగించివేయును. కట్టుటకు ఒక ఎంజైము, విప్పుటకు ఒక ఎంజైము ఉన్నవని చెప్పవచ్చును.

ఇక మేత విషయము. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని డకోటా ప్రాంతమునందును, కెనడా దేశపు ఆల్బర్టా మైదానములయందును 20వ శతాబ్దపు ప్రారంభమున రైతులు స్వీట్ క్లోవర్ అను మేతమొక్కను విరివిగా సాగుచేయసాగిరి. ఈ మొక్క ఐరోపా ఖండమునుండి వచ్చినది. మన మెంతిమొక్కకు ఇది దగ్గరి బంధువు. మెంతియాకువలెనే దీని ఆకునకును మూడు రేకులుండును. సారము లేని నేలలలోను ఏపుగా పెరుగును. చిక్కుడుజాతి మొక్కలలో అనేకములవలెనే ఇది గాలిలోని నత్రజనిని భూమికి చేర్చి నేలను బాగుచేయును. కావున పేదరైతునకు ఇది వరప్రసాదమే. వేసవిలో కోసి, ఎండబెట్టి, వాములు వేసి, మంచు కురియు దీర్ఘమైన శీతకాలములో పశువులకు వేసెడివారు.

1920వ సంవత్సరము తరువాత ఆ మందలలో ఒక భయంకరమైన వ్యాధి కనబడెను. ఆరోగ్యముగా ఉన్న పశువులకు చర్మము క్రింద రక్తము చేరి బుడిపెలు కట్టెడివి. కొమ్ములు కోసినప్పుడు గాని, కోడెలకు విత్తులు తీసినప్పుడు గాని రక్తము కారుట ఆరంభమైనచో ఇక ఆగెడిది కాదు. కొన్ని పశువులు ఏ గాయమును లేకయే లోలోపల రక్తము స్రవించి మరణించుచుండెను. మొదట రైతులును పశువైద్యులును ఇది గొంతువాపు గాని జబ్బవాపు గాని అయియుండునని తలచిరి. అవి సూక్ష్మజీవుల వలన కలుగు అంటువ్యాధులు. కాని ఈ వ్యాధిలో సూక్ష్మజీవి ఏదియు కనబడలేదు.

కెనడాలోని ఒంటారియో పశువైద్య కళాశాలయందు ఫ్రాంక్ స్కోఫీల్డ్ అను వైద్యుడు ఈ వ్యాధిని శ్రద్ధతో పరిశీలించెను. వ్యాధి సోకిన మందలన్నియు స్వీట్ క్లోవర్ మేతను తినుచున్నవని ఆయన గుర్తించెను. అయినను అదే మేతను తిని సుఖముగా ఉన్న పశువులును ఉండెను. కావున దోషము మొక్కలో ఉన్నదా, మొక్కకు పట్టిన చెరుపులో ఉన్నదా అను సందేహము కలిగెను. దానిని తీర్చుకొనుటకు ఆయన చేసిన పరీక్ష మిక్కిలి సరళమైనది. ఒకే వామినుండి మంచి కాడలను వేరుగను, బూజుపట్టి చెడిన కాడలను వేరుగను ఏరెను. ఒక కుందేలునకు మంచి కాడలు, మరియొకదానికి చెడిన కాడలు పెట్టెను. మంచి కాడలు తిన్న కుందేలునకు ఏమియు కాలేదు. చెడిన కాడలు తిన్నది రక్తస్రావముతో మరణించెను. ఇట్లు దోషము చెడిన మేతలోనే ఉన్నదని 1920వ దశకపు ప్రథమార్ధమున స్థిరపడెను. వ్యాధి అంటువ్యాధి కాదనియు, మేత మార్చినచో నివారింపవచ్చుననియు రైతులకు తెలిసెను.

తరువాత నార్త్ డకోటాలో లీ రోడెరిక్ అను పశువైద్య శాస్త్రజ్ఞుడు ఇంకొక మెట్టు ఎక్కెను. వ్యాధిగ్రస్తమైన పశువుల రక్తములో ప్రోథ్రాంబిన్ తన పనిని చేయజాలకున్నదని ఆయన 1930వ సంవత్సర ప్రాంతమున కనుగొనెను. ఆరోగ్యముగా ఉన్న పశువు రక్తమును ఎక్కించి, చెడిన మేతను మాన్పించినచో రోగి బ్రతుకుననియు తెలిసెను. ఐనను బూజుపట్టిన కాడలో దాగియున్న ఆ పదార్థమేది? ఈ ప్రశ్న ప్రశ్నగానే నిలిచెను.

1933వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఒక శనివారము. విస్కాన్సిన్ రాష్ట్రమున మంచుతుఫాను వీచుచుండెను. ఆ రాష్ట్రమందలి ఒక రైతు తన ట్రక్కులో చచ్చిన పెయ్య నొకదానిని, ఒక పాలక్యాను నిండ గడ్డకట్టని రక్తమును, సుమారు 100 పౌనుల చెడిన మేతను వేసికొని, ఇంచుమించు 190 మైళ్లు ప్రయాణముచేసి మాడిసన్ నగరమునకు వచ్చెను. అతని మందలో పశువులు ఒకదాని వెంట ఒకటి చచ్చుచుండెను. పశువైద్యాధికారి కార్యాలయము ఆ దినమున మూసియుండెను. దారి వెదకుచు అతడు విశ్వవిద్యాలయమున తలుపు తెరచియున్న ఒక భవనములో ప్రవేశించెను. అది జీవరసాయన శాస్త్రశాఖ. అందు కార్ల్ పాల్ లింక్ అను ఆచార్యుడు పనిచేయుచుండెను. లింక్ అప్పటికే స్వీట్ క్లోవర్‌లోని చేదును తగ్గించు విషయమై పరిశోధన తలపెట్టియుండెను. కాని పశువుల వ్యాధికి మందు ఆయనకును తెలియదు.

ఆ మేతను మానవలసినదనియు, వీలైనచో పశువులకు మంచి రక్తమును ఎక్కింపవలసినదనియు మాత్రమే లింక్ చెప్పగలిగెను. అవి ఆర్థికమాంద్యపు దినములు. ఆ మేత తప్ప వేరు మేత లేని రైతునకు, దానిని పారవేయుమని చెప్పుట ఆకలిగొన్న వానితో అన్నము తినవద్దని చెప్పుటయే. రైతు చేయునది లేక మంచులో తిరిగిపోయెను. లింక్ సహాయకుడైన యూజెన్ షోఫెల్ దీనిని చూచి మిక్కిలి కలతచెందెను. అంతదూరమునుండి వచ్చిన రైతు ఎన్నేండ్లకు తీరునో, అసలు తీరునో తీరదో తెలియని మాటను మూటకట్టుకొని పోవలసివచ్చెనే యని ఆయన ఆవేదన పడెను. పాలక్యానులోని రక్తము ప్రయోగశాలలో మిగిలెను. ఆ దినమునుండి లింక్ పరిశోధన వేరు త్రోవ పట్టెను.

బూజుపట్టిన మేతలో వేలకొలది పదార్థములుండును. వానిలో ఒక్క దోషిని పట్టుకొనుట గడ్డివామిలో సూదిని వెదకుట వంటిది. మేతనుండి తీసిన ఒక్కొక్క భాగమును కుందేళ్లకు పెట్టి, వాని రక్తము గడ్డకట్టుటకు ఎంత కాలము పట్టునో కొలుచుచు, దోషమున్న భాగమును నిలుపుకొని మిగిలినదానిని త్రోసివేయుచు పరిశోధకులు ముందుకు సాగిరి. ఇట్లు ఆరు సంవత్సరములు గడచెను. తుదకు 1939 జూన్ నెలలో లింక్ శిష్యుడైన హెరాల్డ్ కాంబెల్ ఆ పదార్థమును స్ఫటికముల రూపమున చూడగలిగెను. దొరికినది కేవలము 6 మిల్లీగ్రాములు. 1940లో మార్క్ స్టాహ్‌మన్, చార్లెస్ హ్యూబ్నర్ అను సహచరుల కృషివలన దాని నిర్మాణము తెలిసినది; ప్రయోగశాలలో దానిని తయారుచేయుటయు సాధ్యమయ్యెను. దానికి డైకొమరాల్ అని పేరు పెట్టిరి.

మంచి మేతలో లేని ఈ పదార్థము చెడిన మేతలోనికి ఎట్లు వచ్చెను? ఇచ్చటనే బూజు చేసిన పని బయటపడినది. స్వీట్ క్లోవర్‌లో కొమరిన్ అను సువాసన ద్రవ్యము కలదు. కొత్తగా కోసిన గడ్డికుండు కమ్మని వాసనకు ఇదియు ఒక కారణము. కొమరిన్ రక్తమునకు ఇట్టి హాని చేయదు. కాని ఈ మొక్క కాడ లావుగా, రసవంతముగా ఉండుటచేత త్వరగా ఎండదు. తడి ఆరకముందే వామి వేసినచో కాడల లోపల పెనిసీలియం, ఆస్పర్జిల్లస్ మొదలగు జాతుల బూజులు పెరుగును. బూజునకు నోరు లేదు, కడుపు లేదు. అది తన ఎంజైములను వెలుపలికి స్రవించి, కాడలోని పదార్థములను కరగించి, తనకు కావలసిన దానిని పీల్చుకొనును. ఈ భోజనవ్యాపారములో బూజు ఎంజైములు కొమరిన్ వర్గపు పదార్థములకు ఆక్సిజన్‌ను చేర్చి వానిని వేరొక రూపమునకు మార్చును. అట్లు మారిన అణువులు రెండు, ఫార్మాల్డిహైడ్ మూలముగా, కాడికి కట్టిన జోడెడ్లవలె ఒకటిగా కలియును. ఆ జంటయే డైకొమరాల్. పశువుతో బూజునకు వైరమేమియు లేదు. తన ఆకలిని తీర్చుకొనుచు అది చేసిన మార్పు మందకు మృత్యువయ్యెను.

డైకొమరాల్ రక్తములో ఎట్లు పనిచేయునో తెలియుటకు మరియొక దేశములో జరిగిన పరిశోధన తోడ్పడెను. డెన్మార్క్ దేశమునందు హెన్రిక్ డామ్ అను శాస్త్రజ్ఞుడు 1929 ప్రాంతమున కోడిపిల్లలకు క్రొవ్వు లేని ఆహారమును పెట్టి చూచుచుండెను. ఆ పిల్లలకు చర్మము క్రింద రక్తస్రావము కలిగెను. క్రొవ్వుతోపాటు ఆహారమునుండి పోయిన ఏదో పదార్థము రక్తము గడ్డకట్టుటకు అవసరమని ఆయన గ్రహించి, 1935లో దానికి విటమిన్ కె అని పేరు పెట్టెను. గడ్డకట్టుట అను అర్థమునిచ్చు ఆ దేశపు మాట యొక్క మొదటి అక్షరమే ఆ పేరునకు మూలము. అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ డోయిసీ దాని రసాయన నిర్మాణమును కనుగొనెను. వీరిరువురికిని 1943వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను.

ప్రోథ్రాంబిన్ కాలేయములో తయారగును. అది పనికివచ్చు రూపమును పొందుటకు విటమిన్ కె కావలెను. ఆ పనిలో విటమిన్ కె ఒకసారి వాడబడిన పిమ్మట, కాలేయములోని ఒక ఎంజైము దానిని మరల పూర్వరూపమునకు తెచ్చును. వాడిన పాత్రను కడిగి మరల వాడుకొనునట్లు శరీరము కొద్ది విటమినుతోనే చాల పని జరుపుకొనును. డైకొమరాల్ ఈ కడుగు పనిని చేయు ఎంజైమును అడ్డగించును. అంతట విటమిన్ కె కరవై, కాలేయము సగము తయారైన ప్రోథ్రాంబిన్‌ను మాత్రమే రక్తములోనికి పంపును. అది గడ్డకట్టు పనికి అక్కరకు రాదు. అయితే అంతకు పూర్వము తయారైన మంచి ప్రోథ్రాంబిన్ కొన్ని దినములవరకు రక్తములో ఉండును గదా! అందుచేతనే పశువులు చెడిన మేత తిన్న వెంటనే జబ్బుపడలేదు. కొన్నాళ్లు గడచిన పిమ్మట, మేత మాట మరచిన తరువాత, వ్యాధి బయటపడెడిది. విటమిన్ కె విరివిగా ఇచ్చినచో ఈ విషము విరిగిపోవును. 1933లో మంచులో తిరిగిపోయిన రైతు అడిగిన ప్రశ్నకు ఇట్లు సమాధానము దొరకెను.

అయితే విషమును కనుగొనుటతో కథ ముగియలేదు. శస్త్రచికిత్స జరిగి చాల దినములు మంచముపై కదలక పడియుండు రోగుల కాళ్ల నాళములలో రక్తపుగడ్డలు ఏర్పడుచుండెను. అట్టి గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరినచో రోగి హఠాత్తుగా మరణించును. గడ్డకట్టుటను తగ్గించు హెపారిన్ అను మందు 1916లోనే అమెరికాలో బయటపడియుండెను. కాని అది వెలగలది, సూదిమందుగానే ఇయ్యవలెను. డైకొమరాల్‌ను నోటిద్వారా మాత్రగా ఇయ్యవచ్చును. పశువులను చంపిన పదార్థమును మిక్కిలి తక్కువ మోతాదులో ఇచ్చినచో మనుష్యులను రక్షింపదా అని వైద్యులు ఆలోచించిరి. అమెరికాలోని మేయో వైద్యశాలయందు 1941 ప్రాంతమున ఈ మందును రోగులకు ఇచ్చి పరీక్షింపగా, రక్తము గడ్డకట్టు కాలము పెరుగుట కనబడెను. విషము మందుగా మారెను.

1945లో లింక్ క్షయవ్యాధితో ఆరోగ్యశాలలో కొంతకాలము ఉండవలసివచ్చెను. ఆ విశ్రాంతిసమయమున ఆయన ఎలుకల నివారణను గూర్చి చదువుచు, తన ప్రయోగశాలలో తయారైన డైకొమరాల్ వర్గపు పదార్థములలో ఏదియైన ఎలుకల మందుగా పనికివచ్చునా అని యోచించెను. ఆ పట్టికలో 42వ సంఖ్య గల పదార్థము అన్నిటికంటె తగినదిగా తేలెను. పరిశోధనకు ధనసహాయము చేసిన విస్కాన్సిన్ అలమ్నై రిసెర్చ్ ఫౌండేషన్ అను సంస్థ పేరులోని మొదటి అక్షరములను, కొమరిన్ అను మాట చివరిభాగమును కలిపి దానికి వార్ఫరిన్ అని పేరు పెట్టిరి. 1948 నుండి అది ఎలుకల మందుగా ప్రసిద్ధికెక్కెను. డైకొమరాల్ కంటె దాని ప్రభావమును అదుపులో ఉంచుట సులభమని కనుగొని, 1954లో మనుష్యుల చికిత్సకు అనుమతించిరి. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌నకు గుండెపోటు వచ్చినప్పుడు ఆయనకును ఈ మందునే ఇచ్చిరి.

ఎలుకలు మాత్రము ఊరకుండలేదు. 1958లో స్కాట్లండ్ దేశమున వార్ఫరిన్‌కు చావని ఎలుకలు కనబడెను. వాని శరీరములో విటమిన్ కె ను మరల పూర్వరూపమునకు తెచ్చు ఎంజైము కొంచెము మారిపోయినది. వార్ఫరిన్ దానిని పట్టుకొనజాలకుండెను. కొందరు మనుష్యులయందును ఈ ఎంజైములో స్వల్పభేదములుండును. అందుచేత ఒకరికి సరిపోయిన మోతాదు వేరొకరికి ఎక్కువయో తక్కువయో కావచ్చును.

కావుననే వార్ఫరిన్‌ను వైద్యుని పర్యవేక్షణ లేక ఎన్నడును వాడరాదు. మోతాదు తక్కువైనచో గడ్డ కట్టును. ఎక్కువైనచో రక్తము కారును. ఈ మందు తీసికొనువారు వైద్యుడు చెప్పిన గడువులలో రక్తపరీక్ష చేయించుకొనవలెను. భారతదేశములో రుమాటిక్ జ్వరమువలన గుండె కవాటములు చెడినవారు అనేకులు కలరు. చెడిన కవాటమునకు మారుగా లోహపు కవాటమును అమర్చినప్పుడు దానిపై రక్తము గడ్డకట్టకుండుటకు వార్ఫరిన్ గాని, ఆ కుటుంబమునకే చెందిన మరియొక మందు గాని జీవితాంతము వాడవలసియుండును. తోటకూర, పాలకూర, మునగాకు వంటి ఆకుకూరలలో విటమిన్ కె మెండుగా ఉండును. ఈ రోగులు ఆకుకూరలను పూర్తిగా మానవలసిన పనిలేదు. కాని ఒకనాడు కడుపునిండ తిని, పది దినములు ముట్టకుండుట మంచిది కాదు. ఇంచుమించు ఒకే కొలతలో తినవలెను. 2010 ప్రాంతమునుండి మరికొన్ని కొత్త మందులు వచ్చి కొన్ని వ్యాధులలో వార్ఫరిన్ స్థానమును ఆక్రమించినవి. అయినను లోహపు కవాటము గలవారికి నేటికిని వార్ఫరిన్ వర్గపు మందులే ఆధారము.

ఇంతవరకు చెప్పినది గడ్డను కట్టనీయని మందు. కట్టిన గడ్డను కరగించు శక్తియు బూజులకు కలదు. జపాను దేశములో ఆస్పర్జిల్లస్ ఒరైజీ అను బూజును ఉడికిన బియ్యముపైనను సోయాచిక్కుడు గింజలపైనను పెంచి, దానితో మద్యమును, సోయాద్రవమును తయారుచేయుట చిరకాలమునుండి వచ్చిన ఆచారము. గింజలలోని ప్రోటీనులను విరుగగొట్టు బలమైన ఎంజైములను ఆ బూజు స్రవించును. గడ్డలోని ఫైబ్రిన్ పోగులును ప్రోటీనులే. కావున ఆ ఎంజైము వానిని కూడ కరగింపగలదు. 1960, 1970 దశకములలో ఈ బూజునుండి తీసిన బ్రైనేజ్ అను ఎంజైమును నాళములలో గడ్డలున్న రోగులకు ఇచ్చి చూచిరి.

కాని రెండు చిక్కులు ఎదురయ్యెను. మొదటిది, ఆ ఎంజైమునకు గడ్డలోని ఫైబ్రిన్ అనియు, రక్తములో కరిగియున్న ఫైబ్రినోజన్ అనియు భేదము లేదు. గడ్డతోపాటు, రేపు గాయము తగిలినప్పుడు కావలసిన సరుకును కూడ అది తినివేయును. రెండవది, రక్తములో పరాయి ఎంజైములను పట్టి బంధించు ప్రోటీనులు సహజముగనే ఉన్నవి. అవి ఒక్కొక్కరిలో ఒక్కొక్క పరిమాణములో ఉండుటచేత, ఎంత ఎంజైము ఇచ్చిన ఎంత మిగులునో కట్టుదిట్టముగా లెక్కించుకొనవలసివచ్చెడిది. అందుచేత బ్రైనేజ్ సామాన్యముగా వాడు మందు కాలేకపోయెను. ఆ స్థానము స్ట్రెప్టోకైనేజ్ వంటి మందులకు దక్కెను. దీనిని 1933లోనే విలియం టిల్లెట్ బాక్టీరియములయందు కనుగొనియుండెను. అది గడ్డను తానుగా కరగింపక, శరీరములో నిద్రాణమైయున్న ప్లాస్మిన్‌ను మేల్కొల్పి దానిచేత పని చేయించును. ఐనను బూజుల ఎంజైములపై పరిశోధనలు ఆగలేదు. ఫైబ్రిన్‌ను మాత్రమే గుర్తించి, మిగిలిన రక్తమును ముట్టని ఎంజైము ఏ శిలీంధ్రములోనైన దొరకునా అని శాస్త్రజ్ఞులు నేటికిని వెదకుచున్నారు.

రక్తమునందలి త్రాసు మిక్కిలి సున్నితమైనది. వామిలోని బూజు దానిని ఒకవైపునకు పూర్తిగా వంచగా పశువులు నశించెను. ఆ బూజు చేసిన పదార్థము వర్గమునకు చెందినదే, వైద్యుని చేతిలో కొలతకు లోబడి, మితిమీరి గడ్డకట్టు రక్తమును సరిదిద్దుచున్నది. విషమునకును ఔషధమునకును నడుమ ఇచ్చట గల భేదము పరిమాణము మాత్రమే. ఆ పరిమాణమును తెలిసికొనుటకు ఒక పశువైద్యుడు కాడలను ఒక్కొక్కటిగా ఏరవలసివచ్చెను. ఒక ప్రయోగశాల ఆరేండ్లు ఓర్పుతో పనిచేయవలసివచ్చెను. ఒక పేదరైతు తన నష్టమును విధి యని సరిపెట్టుకొనక, దానికి కారణమేమని అడుగుటకు మంచులో బయలుదేరవలసివచ్చెను. అతనికి ఆనాడు సమాధానము దొరకలేదు. అతడు విడిచిపోయిన ప్రశ్నకు దొరకిన సమాధానమువలన నేడు లోకమంతటను అసంఖ్యాకులైన రోగులు జీవించుచున్నారు.